పాత ట్రాక్టర్‌కు పవర్ స్టీరింగ్: బూస్టరా, టార్క్ యూనిటా, పూర్తి హైడ్రాలిక్కా?

పాత ట్రాక్టర్‌లో ఇంజన్ ఇంకా గట్టిగానే ఉంటుంది, లిఫ్ట్ బాగానే ఎత్తుతుంది. మనిషిని అలసగొట్టేది స్టీరింగే. చేను చివర మలుపు తిప్పాలంటే సీట్లోంచి సగం లేచి, ఒళ్లు బరువంతా వేసి లాగాలి. సాయంత్రానికి చొక్కా విప్పుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవదు. ముందు చక్రం ఏ రాయికో మట్టిగెడ్డకో తగిలిందంటే స్టీరింగ్ గిర్రున వెనక్కి తిరిగి బొటనవేలిని విరిచినంత పని చేస్తుంది. అలవాటున్న డ్రైవర్లు అందుకే బొటనవేళ్లను స్టీరింగ్ లోపలికి పోనివ్వరు, అంచు మీదే ఆనించి పట్టుకుంటారు.

1954లో జాన్ డీర్ తన 50, 60, 70 మోడళ్లకు ఫ్యాక్టరీలోనే పవర్ స్టీరింగ్ బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కాలపు మామూలు ట్రాక్టర్ల ఇరుసు, లింకులు, స్టీరింగ్ బాక్స్ (మన తిప్పుడును లింకులకు అందించే పళ్ల పెట్టె) మాత్రం మనిషి రెట్ట బలాన్ని లెక్కలో పెట్టుకుని చేసినవి. వాటికి ఇప్పుడు మనం హైడ్రాలిక్ బలం, అంటే ఒత్తిడితో తోసే ఆయిల్ బలం జోడిస్తామంటే, ఆ బలం ఏ భాగం గుండా పోతుందో ముందు చూసుకోవాలి. ఎన్ని హార్స్‌పవర్ అన్నది అంత ముఖ్యం కాదు. నా మటుకు నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. స్టీరింగ్ బాక్స్ లోపల పళ్లు ఎలా ఉన్నాయి? ట్రాక్టర్ రోడ్డెక్కుతుందా, చేలోనే తిరుగుతుందా? ఈ రెండూ తేలితే బూస్టర్, టార్క్ యూనిట్, పూర్తి హైడ్రాలిక్ అనే మూడు దారుల్లో ఏదన్నది దాదాపు తేలిపోయినట్టే.

ముందు జాకీ పెట్టి చూడండి

ముందు ఇరుసు కింద జాకీ పెట్టి రెండు చక్రాలూ నేల వదిలేలా ఎత్తండి. జాకీ మీదే వదిలేయకుండా కింద గట్టి దిమ్మలు పెట్టండి. ఇప్పుడు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. చక్రాలు గాల్లో ఉన్నాయి కాబట్టి రెండు వేళ్లతో తిరగాలి. అప్పుడు కూడా బిగుతుగా ఉందంటే తప్పు బరువుది కాదు, ఎక్కడో ఏదో ఎండిపోయింది. బాక్స్ నుంచి చక్రానికి పోయే కడ్డీని, అంటే డ్రాగ్ లింక్‌ను ఊడదీసి చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. చక్రం దగ్గర పట్టేస్తే కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరిగే నిలువు పిన్), పైన పట్టేస్తే బాక్స్.

ఈ పరీక్ష నేను మా ట్రాక్టర్‌కు ఆలస్యంగా చేశాను. పంపు ఎక్కడ బిగించాలా అని కొలతలు తీసుకుంటూ కింద కూర్చున్నప్పుడు కింగ్ పిన్ గ్రీజు నిపుల్ మీద రంగు పొర కనిపించింది. ఎప్పుడో బండికి రంగు కొట్టినప్పుడు నిపుల్ మూతి మూసుకుపోయింది. గోరుతో గీకితే పెచ్చు లేచింది. గ్రీజు గన్ పెట్టి కొడితే చుక్క లోపలికి పోలేదు. నిపుల్ విప్పి చూస్తే కన్నంలో పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంది. పుల్లతో కెలికి, డీజిల్ పోసి ఒక రాత్రి నానబెట్టాను. తెల్లారి కొత్త నిపుల్ బిగించి గన్ కొడితే కింది అంచు నుంచి మొదట నల్లగా, తర్వాత తుప్పు కలిసి ఇటుక రంగులో, చాలాసేపటికి కొత్త గ్రీజు రంగులో బయటికొచ్చింది. రెండో వైపూ అంతే. చక్రాలు దించి తిప్పితే బరువు సగానికి తగ్గింది. తర్వాత బుష్‌లు, కింది థ్రస్ట్ బేరింగులు మార్పించాను, ఇంకా తేలికైంది.

టైర్లలో గాలి కూడా చూడండి. ముందు టైరు మెత్తగా ఉంటే నేలకు ఎక్కువ వెడల్పున అతుక్కుని, నిలబడ్డచోట తిప్పడం నరకమవుతుంది. వీల్ బేరింగులు, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ చివర బాల్ జాయింట్లు, టో ఇన్ (ముందు చక్రాలు కొద్దిగా లోపలికి చూసే కొలత) కూడా వరసగా సరిచేసుకోండి.

లోడర్ (ముందు మట్టి ఎత్తే బకెట్) లేని చిన్న ట్రాక్టర్‌తో వారానికి ఒకటి రెండు పూటలు పని చేసుకునేవాళ్లకు ఇక్కడితో సరిపోతుంది. ఇంకేమీ కొనక్కర్లేదు. ముందు లోడర్ ఉన్నవాళ్లకు, పెద్ద పనిముట్టు కోసం ముందు బరువులు వేసినవాళ్లకు, రోజుకు వంద మలుపులు తిప్పేవాళ్లకు, భుజం సహకరించని వయసువాళ్లకు పవర్ స్టీరింగ్ నిజంగా అవసరం. వాళ్లయినా ఈ మరమ్మతు దాటేయకూడదు. చేత్తో తిప్పేటప్పుడు అరిగిన జాయింటు వదులు అరచేతికి తెలుస్తుంది. హైడ్రాలిక్ బలం వచ్చాక ఆ వదులు తెలియదు, జాయింటు ఊడిపోయిన రోజే తెలుస్తుంది.

బూస్టర్

డ్రాగ్ లింక్ దారిలో ఒక చిన్న కంట్రోల్ వాల్వ్, దానికి తోడు ఒక సిలిండర్ ఉంటాయి. స్టీరింగ్ తిప్పగానే లింక్ కొద్దిగా కదిలి వాల్వ్‌ను తెరుస్తుంది, ఆయిల్ సిలిండర్‌లోకి పోయి చక్రాన్ని అదే వైపు తోస్తుంది. పాత లింకులు, బాక్స్ అన్నీ ఉన్నచోటే ఉంటాయి. పంపు బెల్టు తెగినా, ఇంజన్ ఆగినా, పాత బరువుతోనైనా బండి మన మాట వింటుంది. పైగా తోసే పని సిలిండర్‌దే కాబట్టి బాక్స్ పళ్ల మీద భారం తగ్గుతుంది.

దీని బలహీనత అది ఉండే చోటే. వాల్వ్ కిందికి, చక్రం పక్కకు ఉంటుంది కాబట్టి బురద, గడ్డి, దుమ్ము అన్నీ దాని మీదే. బాల్ జాయింట్ రబ్బరు చిరిగితే అరుగుదల మొదలవుతుంది. వాల్వ్ సరిగ్గా మధ్యలో సర్దకపోతే స్టీరింగ్ తనంతట తానే ఒక పక్కకు లాగుతుంది. బిగించిన రోజు చక్రాలు గాల్లో ఉంచి, ఇంజన్ వేసి, చెయ్యి తీసేసి చూడండి. చక్రాలు కదలకుండా ఉంటే మధ్య కుదిరినట్టు.

ఇంకో మెలిక ఉంది. ఫెర్గూసన్ టీఈ20, మాస్సీ ఫెర్గూసన్ 35 లాంటివాటిలో మామూలు ఇరుసుకు రెండు వైపులా రెండు డ్రాగ్ లింకులు ఉంటాయి. రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ ఉండదు, ఆ కలయిక బాక్స్ లోపల పళ్లతోనే జరుగుతుంది. ఒక వైపు బూస్టర్ పెడితే రెండో చక్రానికి బలం బాక్స్ గుండానే వెళ్లాలి. అలాంటి బండిలో బాక్స్ అరిగి ఉంటే బూస్టర్ లాభం సగమే.

టార్క్ యూనిట్

ఇది స్టీరింగ్‌కు, బాక్స్‌కు మధ్య కాలమ్‌లో కూర్చుంటుంది. మీరు తిప్పిన కొద్ది బలాన్ని లోపలి హైడ్రాలిక్ మోటారు పెంచి బాక్స్‌కు ఇస్తుంది. ఆయిల్ రావడానికి ఒక హోసు, పోవడానికి ఒక హోసు, అంతే. బయటికి సిలిండర్ కనిపించదు, బండి రూపం చెడదు. పాత ట్రాక్టర్‌ను పాతగానే చూసుకోవాలనుకునేవాళ్లు దీన్ని ఇష్టపడేది అందుకే. ఇంజన్ ఆగినా మెకానికల్ పట్టు పోదు.

అయితే వచ్చిన బలమంతా బాక్స్ గుండానే పోతుంది. బాక్స్ లోపలి పళ్లు (వర్మ్, సెక్టార్), బాక్స్ నుంచి కిందికి వేలాడుతూ లింక్‌ను కదిపే డ్రాప్ ఆర్మ్ షాఫ్ట్, దాన్ని పట్టి ఉంచే తాళం ముక్క (కీ) ఇవన్నీ మనిషి ఎప్పుడూ ఇవ్వనంత తిప్పుడు మొయ్యాలి. బాక్స్ బాగుంటే ఏ గొడవా లేదు. అరిగి ఉంటే ఇది దాన్ని త్వరగా తినేస్తుంది.

బాక్స్ బాగుందో లేదో తేల్చడానికి ఇద్దరు కావాలి. చక్రాలు నేల మీద, నిటారుగా ఉంచండి. ఒకరు స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ ఊపాలి, ఇంకొకరు కింద డ్రాప్ ఆర్మ్ మీద వేలు పెట్టి చూడాలి. ఆర్మ్ కదలకముందే స్టీరింగ్ అంచు నాలుగు వేళ్ల వెడల్పు కంటే ఎక్కువ తిరిగితే నేను టార్క్ యూనిట్ వైపు పోను. బోల్టు బిగించి వదులు తీసేద్దామనుకుంటారేమో, అదీ చూసి చెయ్యాలి. ట్రాక్టర్ ఎక్కువగా నిటారుగానే నడుస్తుంది కాబట్టి పళ్లు మధ్యలోనే అరుగుతాయి, చివర్లలో కొత్తగానే ఉంటాయి. మధ్య వదులు పోయేదాకా బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది.

పూర్తి హైడ్రోస్టాటిక్

పూర్తి హైడ్రాలిక్ అన్నది ఇదే. ఇందులో స్టీరింగ్ కింద ఆర్బిట్రోల్ అనే యూనిట్ ఉంటుంది, ఇరుసు దగ్గర సిలిండర్ ఉంటుంది, మధ్యలో హోసులే. ఆర్బిట్రోల్ లోపల 7 గుంతల రింగులో 6 పళ్ల చక్రం దొర్లుతూ, మీరు ఎంత తిప్పితే అంత ఆయిల్‌ను కొలిచి సిలిండర్‌కు పంపుతుంది. పాత బాక్స్‌కు ఇక పని లేదు. బాక్స్ పూర్తిగా పోయిన బండికి, విడిభాగాలు దొరకని బండికి ఇదే సరైన దారి. చక్రం మీద పడ్డ దెబ్బలు చేతికి రావు. రోజంతా లోడర్ నడిపేవాళ్లు దీనికి అలవాటు పడితే మరొకటి ముట్టుకోరు.

కొనేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోండి. మామూలు గేర్ పంపుతో వాడేందుకు ఓపెన్ సెంటర్ రకం, అంటే తిప్పనప్పుడు ఆయిల్‌ను ఆపకుండా ట్యాంకుకు పోనిచ్చేది కావాలి. క్లోజ్డ్ సెంటర్, లోడ్ సెన్సింగ్ రకాలకు వాటికి తగ్గ పంపు ఉండాలి. పాడైన పెద్ద యంత్రం నుంచి తీసిన యూనిట్ చవగ్గా వస్తోందని తెచ్చి, తీరా బిగించాక ఇది తేలితే అంతా వృథా.

రెండోది సైజు, అంటే ఒక చుట్టుకు ఎన్ని సీసీల ఆయిల్ ఇస్తుందన్నది. ఇది ఊహతో కుదరదు, లెక్క వేయాల్సిందే. 50 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వెడల్పు), 25 మిల్లీమీటర్ల రాడ్, 200 మిల్లీమీటర్ల స్ట్రోక్ (రాడ్ కదిలే దూరం) ఉన్న సిలిండర్ తీసుకుందాం. రాడ్ లేని వైపు దాదాపు 393 సీసీలు పడుతుంది, రాడ్ ఉన్న వైపు 295. 100 సీసీ యూనిట్ పెడితే ఒక వైపు పూర్తిగా తిప్పడానికి 3.9 చుట్లు, తిరిగి రావడానికి 2.9 చుట్లు. ఒక వైపు నిదానం, ఒక వైపు చురుకు. చేలో దీనికి వారంలో అలవాటు పడతారు. రోడ్డు మీద నాకు నచ్చలేదు. రెండు వైపులా రాడ్ బయటికొచ్చే సిలిండర్ అయితే రెండు దిక్కులా 295 సీసీలే, 80 సీసీ యూనిట్‌తో అటూ ఇటూ 3.7 చుట్లు. చోటు ఉంటే ఆ రకమే పెట్టండి. మొత్తం మీద 3 నుంచి 5 చుట్ల మధ్య వచ్చేలా చూసుకోండి. అంతకంటే తక్కువైతే కొద్దిగా కదిపినా బండి తూలుతుంది, ఎక్కువైతే మలుపులో తిప్పుతూనే ఉండాలి.

ఇంజన్ ఆగినప్పుడు ఆర్బిట్రోలే చేతి పంపులా పనిచేసి చక్రాలను తిప్పుతుంది, కానీ చాలా బరువుగా. హోసు పగిలితే మాత్రం స్టీరింగ్ లేనట్టే. చేలో నడక వేగంలో ఉంటే బ్రేకు తొక్కి ఆపేయొచ్చు. వెనక బరువైన ట్రాలీ ఉండి, ఎదురుగా బండ్లు వస్తున్న రోడ్డు మీద అయితే అంత సమయం ఉండదు. బండి రోజూ రోడ్డెక్కేదైతే, బాక్స్ ఇంకా బాగుంటే, నేను బూస్టర్‌కే ఓటు వేస్తాను. తప్పనిసరిగా పూర్తి హైడ్రోస్టాటికే పెట్టాల్సి వస్తే హోసుల విషయంలో పిసినారితనం వద్దు. మెకానికల్ లింక్ లేని బండిని రోడ్డు మీద ఎంత వేగంతో నడపవచ్చన్న నిబంధనలు కూడా బిగించకముందే కనుక్కోండి.

కారు నుంచి తీసిన ఎలక్ట్రిక్ స్టీరింగ్ మోటారు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. అది కూడా కాలమ్‌లోనే కూర్చుంటుంది కాబట్టి బాక్స్ మీద పడే భారం టార్క్ యూనిట్ లాంటిదే. పైగా బండి నిలబడి ఉండగా తిప్పేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది. 6 వోల్టుల బండికి, పాత డైనమో బండికి ఆ ఆలోచన వదిలేయండి.

పంపు సంగతి

ఏ దారి ఎంచుకున్నా ఎక్కువమంది దెబ్బతినేది పంపు దగ్గరే. బండికి ముందే హైడ్రాలిక్ లిఫ్ట్ ఉంది కదా, అందులోంచి ఆయిల్ తీసుకుంటే పోలేదా అనిపిస్తుంది. ఫెర్గూసన్ టీఈ20, ఫోర్డ్ 8ఎన్ లాంటి బండ్లలో లిఫ్ట్ పంపు పీటీఓ షాఫ్ట్ (వెనక పనిముట్లను తిప్పే షాఫ్ట్) మీద తిరుగుతుంది. క్లచ్ తొక్కితే పంపు ఆగిపోతుంది. అంటే గేరు మార్చే క్షణంలోనే స్టీరింగ్ బిగుసుకుంటుంది. పైగా టీఈ20 పంపు లిఫ్ట్ అడిగినప్పుడే ఆయిల్ తోస్తుంది, నిరంతరం పారదు. స్టీరింగ్‌కు ఎడతెగని పారకం కావాలి. కాబట్టి ఇంజన్‌తో నేరుగా తిరిగే వేరే పంపు పెట్టుకోవాల్సిందే.

కారు పవర్ స్టీరింగ్ పంపు చిన్నగా, బెల్టుతో సులువుగా కుదురుతుంది. పారకాన్ని, ప్రెషర్‌ను అదుపు చేసే వాల్వులు చాలావాటిలో లోపలే ఉంటాయి. బూస్టర్‌కు, చిన్న టార్క్ యూనిట్‌కు అది చాలు. పెద్ద సిలిండర్‌కు గేర్ పంపు మంచిది, కానీ దానికి రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను వెనక్కి వదిలేది), ట్యాంకు, ఫిల్టర్ విడిగా పెట్టాలి. రిలీఫ్ వాల్వ్ లేకుండా గేర్ పంపు తిప్పితే స్టీరింగ్ చివరకు చేరిన మరుక్షణం హోసో, సీలో, పంపో ఏదో ఒకటి పగులుతుంది.

పారకాన్ని ఐడిల్ దగ్గర లెక్క వేయండి. చేను చివర మలుపులో మనం యాక్సిలరేటర్ తగ్గించే తిప్పుతాం. 11 సీసీ గేర్ పంపు 700 ఆర్‌పీఎంలో తిరిగితే నిమిషానికి 7.7 లీటర్లు, లోపలి కారుడు పోను 7 లీటర్లు వేసుకోండి. 100 సీసీ ఆర్బిట్రోల్‌కు అది నిమిషానికి 70 చుట్లకు సరిపోతుంది, సెకనుకు ఒక చుట్టు పైచిలుకు. అంతకంటే వేగంగా తిప్పబోతే స్టీరింగ్ గోడకు తగిలినట్టు ఆగుతుంది. కారు పంపు వాడేవాళ్లు ట్రాక్టర్ ఇంజన్ నిదానంగా తిరుగుతుందని గుర్తుంచుకుని, పంపు పుల్లీ కాస్త చిన్నది వేసుకోవాలి.

బిగించేటప్పుడు

సిలిండర్ ఒక చివర ఛాసిస్‌కు, రెండో చివర స్టీరింగ్ ఆర్మ్‌కు బిగిస్తే, గతుకుల్లో ఇరుసు ఊగినప్పుడల్లా చక్రాలు వాటంతట అవే తిరుగుతాయి. వీలైతే సిలిండర్ మొత్తాన్ని ఇరుసు మీదే కూర్చోబెట్టండి. చక్రాన్ని పూర్తిగా తిప్పి, ఆ చివరలో సిలిండర్ రాడ్‌కు, ఆర్మ్‌కు మధ్య కోణం చూడండి. రెండూ ఒకే గీతలోకి వచ్చేస్తుంటే సిలిండర్ తొయ్యలేదు, చక్రం అక్కడే ఇరుక్కుంటుంది. 30 డిగ్రీలైనా మిగలాలి. హోసులు తగిలించకముందే చేత్తో రెండు చివర్లకూ తిప్పి ఇది చూసుకుంటే తర్వాత బ్రాకెట్ కోయాల్సిన పని ఉండదు. పోత ఇనుము బాడీ మీద వెల్డింగ్ చేయించకండి, ఉన్న బోల్టు కన్నాలను వాడుకుని పట్టీలు చేయించండి. తీసిన పాత భాగాలు గ్రీజు రాసి దాచండి.

ప్రెషర్ ఎక్కువైతే మంచిదనుకోవద్దు. పైన చెప్పిన 50 మిల్లీమీటర్ల సిలిండర్ 100 బార్ (ప్రెషర్ కొలత) దగ్గర దాదాపు 2,000 కిలోల తోపు ఇస్తుంది. చక్రం గట్టుకు ఆనుకుని ఉండగా ఆ తోపు పడితే టై రాడ్ వంగుతుంది, ఆర్మ్ తాళం ముక్క తెగుతుంది. గేజ్ పెట్టి, తక్కువ నుంచి మొదలుపెట్టి, గట్టి నేల మీద నిలబడ్డ బండి చక్రాలు తిరిగేంత వరకే పెంచండి. అక్కడ ఆపండి.

ఆయిల్ పోశాక ముందు చక్రాలు గాల్లో ఉంచి, ఐడిల్‌లో, స్టీరింగ్‌ను చివర నుంచి చివరకు నెమ్మదిగా పది పదిహేనుసార్లు తిప్పండి. ట్యాంకులో ఆయిల్ పాలలా తెల్లబడి నురగ కడితే గాలి ఇంకా ఉంది. ఆపి, నురగ చచ్చాక మళ్లీ మొదలుపెట్టండి. రిటర్న్ పైపు చివర ఆయిల్ మట్టం కింద మునిగి ఉండాలి, పైనుంచి ధారగా పడితే నురగ ఎప్పటికీ తగ్గదు.

కారుతున్న చోటు వెతకడానికి చెయ్యి మాత్రం పెట్టకండి. సూది మొనంత కన్నం నుంచి వచ్చే ఆయిల్ కంటికి కనబడదు, చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా ఉంటుంది, మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. అది ఆపరేషన్ అవసరమయ్యే గాయం, గంటలు గడిచేకొద్దీ వేలు, చెయ్యి పోయే ప్రమాదం. ఒక అట్టముక్కను హోసు వెంబడి జరుపుతూ చూడండి, తడి మచ్చ పడ్డచోటే లీకు. ఇంజన్ ఆపి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి ప్రెషర్ పోయాకే జాయింటు మీద స్పానర్ పెట్టండి.

మొదటిరోజు పని అయ్యాక బ్రాకెట్ బోల్టులన్నీ మళ్లీ బిగించండి, బెల్టు చూడండి. హోసులు ఎక్కడైనా ఇరుసుకు, టైరుకు రాసుకుంటున్నాయేమో చక్రాలు రెండు చివర్లకూ తిప్పి వంగి చూడండి. రాసుకున్నచోట దుమ్ము తుడుచుకుపోయి నల్లగా మెరుస్తుంది.